అల్లుడుగారి చొక్కా

నాకు ముక్కు మీదే కోపం. ఈ మాట నేనే ముందు చెప్పేస్తే ఇంకొకళ్ళు చెప్పే పని తప్పుతుంది. ఆ కోపంలో ముప్పాతిక భాగం పదకొండేళ్ళుగా ఒక్క మనిషి మీదే ఖర్చయింది. ఆవిడ మా తోటికోడలు. మా బావగారి భార్య కనుక నాకు అక్క. ఇంట్లో ఇద్దరికీ ఒకే వంటగది, బయట ఇద్దరికీ ఒకే పనిచోటు. కుట్టుపని నేర్పే శిక్షణ కేంద్రంలో ఆవిడ పాఠాలు చెబుతుంది, నేను ఆఫీసు చూస్తాను. అంటే పొద్దున్న పాలగిన్నె దగ్గర మొదలైన వాదన సాయంత్రం తాళం వేసేదాకా సాగుతుందన్నమాట. మధ్యలో బస్సులో మాత్రం కాసేపు విరామం. అక్కడ ఆవిడ జనం వేసుకున్న చొక్కాలు చూస్తూ కూర్చుంటుంది, నా మాట చెవికెక్కదు.

మా కేంద్రం ఒక సైకిలు షాపు మీద మొదటి అంతస్తు. పెద్ద గదిలో రెండు వరసల్లో పదహారు మిషన్లు, మధ్యలో గుడ్డ కత్తిరించే బల్ల, మూలన ఇస్త్రీ పెట్టె, కిటికీ కింద బస్టాపు. పక్కన చిన్నగది నాది. అందులో బీరువా, బల్ల, రెండు కుర్చీలు, ఒక గుడ్డబొమ్మ. తలా చేతులూ లేని మొండెం, కింద ఇనపకడ్డీ. కుట్టిన చొక్కా తొడిగి చూడ్డానికి పెద్దాఫీసు వాళ్ళు ఇచ్చింది. అక్క దాన్ని క్లాసులో ఉంచనివ్వలేదు. ఊపిరి పీల్చనిదానికి చొక్కా ఎందుకు, నీ గదిలో పెట్టుకో అంది. సరే, నాకూ తోడుంటుందని పెట్టుకున్నాను.

పెద్దాఫీసు కింద మాలాంటి కేంద్రాలు అరవై ఉన్నాయి. అన్నిటికీ ఒకటే పుస్తకం, నీలం అట్టది, తొంభై ఆరు పాఠాలు. ఏ రోజు ఏ పాఠమో అందులోనే వేసి ఉంటుంది. ఫలానా సోమవారం పధ్నాలుగో పాఠమంటే అరవై చోట్లా పధ్నాలుగో పాఠమే. అరవై గదుల్లో ఒకే గంటకి అందరూ వంగి కాలర్లు కత్తిరిస్తున్నారన్న ఊహ నాకెంత హాయిగా ఉండేదో చెప్పలేను. అరవైలో ఒక్క గది మాత్రం ఆ సమయానికి ఖాళీగా ఉండేది. అది మాది.

ఖాళీగా ఎందుకుండేదంటే, అక్క క్లాసు మొత్తాన్నీ కిందికి బస్టాపుకి తోలుకుపోయేది. ఎవరు ఎలా నిలబడుతున్నారో చూడమనేది. ఆ పెద్దాయన ముందుకి వంగాడు, అతనికి చొక్కా వెనక ఎంత పొడుగు పెంచుతారు? ఆ అమ్మాయి ఒక చేత్తోనే పుస్తకాలు పట్టుకుంటోంది, ఏ భుజం కిందికి దిగి ఉంటుంది? ముందు కంటితో లెక్కకట్టాలి, తర్వాత వెళ్ళి ఆ మనిషినే బతిమాలి టేపు పెట్టి చూసుకోవాలి. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు మొదట్లో భయపడేవాళ్ళు. కొన్నాళ్ళకి అలవాటై, టేపు కనపడగానే చేతులు బారచాపి నిలబడ్డం మొదలుపెట్టారు.

మొదటి నెలంతా ఎవరికీ కొత్తగుడ్డ ఇచ్చేది కాదు. ఇంట్లో ఉన్న పాతచొక్కా తెచ్చుకుని కుట్టు కుట్టూ విప్పాలి. ఏ ముక్క ముందు కుట్టారో, ఏది తర్వాతో విప్పుతుంటేనే తెలుస్తుందని ఆవిడ సిద్ధాంతం. రెండో నెల ఆ ముక్కల్నే మళ్ళీ చొక్కా చెయ్యాలి. ఆ పైన ప్రతివాళ్ళూ ఒక కష్టమైన మనిషిని వెతికి పట్టుకుని వాళ్ళకి కుట్టాలి. మామూలు ఒళ్ళున్నవాళ్ళు పనికిరారు. చక్రాల కుర్చీలో ఉండే ఒకాయనకి ముందు పొట్టిగా, వెనక పొడుగ్గా కుట్టించిన రోజున ఆయన కిందనుంచి అరగంటసేపు పైకి చూసి చెయ్యి ఊపాడు. కూర్చున్నప్పుడు పొట్ట దగ్గర గుడ్డ పోగవ్వని చొక్కా ఆయన తొడుక్కోవడం అదే మొదటిసారట. నేను కిటికీలోంచి చూశాను. చూసి, రిజిస్టరులో ఆవాళ ఏం పాఠం రాయాలో తెలియక పళ్ళు నూరుకున్నాను.

ఆ ఏడాది పధ్నాలుగుమంది చేరారు. అందులో ఇద్దరి సంగతి చెబితే చాలు. ఒకాయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు, అందరికీ బాబాయి. ముప్పై ఏళ్ళు జనాన్ని ముందుకి జరపడమే పనిగా బతికాడు కాబట్టి ఇప్పుడు ఒకచోట కూర్చుని ఏదో ఒకటి తయారుచెయ్యాలని ముచ్చటపడ్డాడు. ఇంకో అమ్మాయికి మెల్లమ్మ అని పేరు పెట్టారు. సూదిలో దారం ఎక్కించడానికి ఆ పిల్ల తీసుకునే సమయంలో నేను ఒక పేజీ టైపు చేసేస్తాను. నోట్లో నాలుక లేదు. మూడు నెలలైనా ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. నీలం పుస్తకం ప్రకారమైతే మూడో వారంలోనే వెనకబడి మానేసేది. అక్క మాత్రం ఆ పిల్ల విప్పిన కుట్టు చూపించి, ఒక్క పోగు కూడా తెగకుండా విప్పింది చూడండని క్లాసంతా తిప్పింది.

ఇక నేను చేసిన ఘనకార్యం. రిజిస్టరులో ఏ రోజు ఏ పాఠం జరిగిందో రాయాలి. అబద్ధం రాయడం నావల్ల కాదు, పదకొండేళ్ళుగా ఆ గడి ఖాళీగానే వదిలేస్తున్నాను. అక్క నవ్వుతూ, నీకు తోచింది రాసెయ్యవే అనేది. ఒకరోజు బాగా ఒళ్ళు మండి, తేదీ వేసి, పాఠం అన్నచోట ‘బస్టాపు’ అని రాశాను. మర్నాడు కూడా అదే రాశాను. వారం రోజులు వరసగా ‘బస్టాపు, బస్టాపు’ అని రాసి, నెలాఖరుకి ఎప్పటిలాగే పెద్దాఫీసుకి పంపించాను. అక్కని భయపెట్టాలని తప్ప నాకు వేరే ఉద్దేశం లేదు. అది ఎవరైనా చదువుతారని కూడా అనుకోలేదు. పదకొండేళ్ళలో ఎవరూ చదవలేదు మరి.

ఈసారి చదివారు. చదివి, ఈవిడెవరని ఫైలు తీశారు. తీస్తే ఆవిడకి అసలు సర్టిఫికెట్టే లేదని బయటపడింది. పాత టీచరు హఠాత్తుగా మానేస్తే, బట్టల కొట్లో కుడుతున్న అక్కని తాత్కాలికంగా తీసుకున్నారు. ఆ తాత్కాలికం పదకొండేళ్ళు నడిచింది. ఉత్తరం వచ్చింది. ఈ ఏడు జరగబోయే పరీక్షలో ఆవిడ తన క్లాసువాళ్ళతోబాటు కూర్చుని పాసవ్వాలి. పాసైతే ఉద్యోగం ఖాయం. లేకపోతే కొత్త టీచరు వస్తారు, నీలం పుస్తకం పట్టుకుని.

ఉత్తరం టైపులో ఉన్నా నా చేతిరాతే కనిపించింది నాకు. అక్క చదివి మడిచి జాకెట్టులో దోపుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, నేనూ రెండు అనేదాన్ని.

ఆవిడకి ఆ పరీక్షంటే భయమని నాకు తెలుసు. కేంద్రంలో చేరకముందే మూడుసార్లు రాసి మూడుసార్లూ తప్పింది. అదీ పని రాక కాదు. మొదటిసారి, ఈ చంక కొలతతో మనిషి చెయ్యెలా ఎత్తుతాడని వాళ్ళిచ్చిన కొలతని దిద్దింది. రెండోసారి, కళ్ళజోడు పెట్టుకోవడానికి అడగని లోపలిజేబు వేసింది. మూడోసారైతే పక్కసీటు అమ్మాయి మిషనులో దారం చిక్కుపడితే విప్పిపెడుతూ కూర్చుంది, తన చొక్కాకి ఒక చెయ్యి అతకనేలేదు. ఇలాంటి మనిషిని ఏం చేసుకుంటాం చెప్పండి.

పరీక్షాధికారి పొద్దున్నే వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి, గంట కొట్టినట్టు మాట్లాడతాడు. వస్తూనే సీలువేసిన కవరు తీసి బల్లమీద పెట్టాడు. ప్రశ్న ఒకటే. చార్టులోని ముప్పై ఎనిమిది సైజు చొక్కా ఆరు గంటల్లో కుట్టి బొమ్మకు తొడిగి చూపవలెను. చార్టు గోడకి తగిలించాడు. బొమ్మని నా గదిలోంచి తెప్పించి మధ్యలో నిలబెట్టించాడు. పధ్నాలుగుమంది, పదిహేనో నంబరు మా అక్క.

నేను గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చున్నాను. చూస్తుండగానే మెల్లమ్మ లేచి, టేపు పట్టుకుని బొమ్మ దగ్గరికెళ్ళింది. మెడ చూసింది, ఛాతీ చూసింది, కుడిభుజం చూసింది, ఎడమభుజం చూసింది. వెనకే బాబాయి లేచాడు. వరసగా పదిహేనుమందీ లేచి బొమ్మ చుట్టూ తిరిగి కొలతలు రాసుకున్నారు. గోడమీద చార్టు వైపు ఎవరూ తలెత్తి చూసిన పాపాన పోలేదు. తొడగబోయేది బొమ్మకి కదా, కొలవాల్సింది బొమ్మని. వాళ్ళు నేర్చుకున్నది అదే మరి. అధికారి కిటికీ పక్కన కూర్చుని ఏవో కాగితాలు నింపుకుంటున్నాడు. బొమ్మని పరీక్షగా చూస్తున్నారు, మంచిదే అనుకుని ఉంటాడు.

సాయంత్రం నాలుగింటికి పదిహేను చొక్కాలు బల్లమీదికొచ్చాయి. అధికారి చార్టు ప్రకారం కత్తిరించిన అట్టముక్క తీసి మొదటి చొక్కా కుడిభుజం మీద పెట్టాడు. సరిపోయింది. అదే అట్టని తిప్పి ఎడమభుజం మీద పెట్టాడు. అరంగుళం కిందికి ఉంది. రెండో చొక్కాకీ ఎడమభుజం అరంగుళం కిందికే. మూడోదీ అంతే. పదిహేనూ చూసి, అట్ట కింద పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పదిహేనుమందీ ఒకే తప్పు, అదీ అరంగుళం లెక్కతో ఒకేలా చేశారంటే ఒకళ్ళది చూసి ఒకళ్ళు కుట్టారన్నమాటే అన్నాడు. చూసి కుడితే బ్యాచి మొత్తం రద్దు. టీచరే నంబరు పదిహేనులో ఉన్నారు కాబట్టి ఎవరిది చూసి కుట్టారో తనకి వేరే చెప్పక్కర్లేదు అని కూడా అన్నాడు.

అక్క చాలా నెమ్మదిగా, ఒక్కసారి బొమ్మకి తొడిగి చూడమంది. ఆయన తొడిగాడు. చొక్కా ఎక్కడా చిన్న ముడత లేకుండా పట్టినట్టు కూర్చుంది. రెండోది తొడిగాడు, అదీ అంతే. బాబాయి, ‘బొమ్మదే ఒక భుజం దిగి ఉందండి, మేం దానికి తగ్గట్టే కుట్టాం’ అన్నాడు. అధికారి వినలేదు. బొమ్మ తయారైన చోట రెండు భుజాలూ సమానమేనన్నాడు. దిగడానికి కారణం ఏముంటుందన్నాడు.

కారణం నా దగ్గరుంది. నా చేతిసంచీ. నాలుగేళ్ళుగా పొద్దున్న రాగానే దాన్ని ఆ బొమ్మ ఎడమభుజానికి తగిలిస్తున్నాను. గోడకి మేకు లేదు. సంచీలో అన్నం డబ్బా, నీళ్ళసీసా, గొడుగు, వారానికోసారి రెండు రిజిస్టర్లు. గుడ్డలో కూరిన పీచు ఎంతకని ఆగుతుంది? పరీక్ష రోజు కదాని ఆ పొద్దున్న మాత్రం సంచీ తీసి కుర్చీకింద పెట్టాను.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే నా సర్వీసు పుస్తకంలో, ఒక్క మచ్చ కూడా లేని నా సర్వీసు పుస్తకంలో, ప్రభుత్వ సామగ్రి పాడుచేసిందని ఎక్కుతుంది. అక్క వైపు చూశాను. ఆవిడ తన గురించి దిగులుపడడం లేదు, బల్లమీద చెయ్యి ఆనించి నిలబడ్డ మెల్లమ్మని చూస్తోంది. ఆ పిల్ల చొక్కా అన్నిటికన్నా బాగా కుదిరింది. అది చూసి నాకు కోపమొచ్చింది. ఈసారి అధికారి మీద, నా మీద, ఆ బొమ్మ మీద. లేచి నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. సంచీ తెచ్చి మళ్ళీ ఆ భుజానికి తగిలించి మరీ చూపించాను. పట్టీ పడ్డ చోట గాడి ఉంది, అందులో సంచీ పట్టీ ఇమిడిపోయింది.

అక్కడితో ఆగలేదు. నీలం పుస్తకం నాకు కంఠతా వచ్చు కదా. చివర్లో పరీక్షల నిబంధనల్లో ఇరవై ఏడోది తీసి ఆయన ముందు పెట్టాను. కేంద్రం ఇచ్చిన పరికరంలో లోపమున్నచో అభ్యర్థులకు మరుసటి దినమున మరల అవకాశమీయవలెను. ఆయన రెండుసార్లు చదివాడు. లోపం ఎవరివల్ల జరిగిందో రాసి సంతకం పెట్టివ్వమన్నాడు. రాసిచ్చాను. అక్షరాలు వంకర్లు పోయాయి గానీ ఒక్క తప్పూ లేదు. రేపు బొమ్మ ఉండదు, చార్టు ఒక్కటే అని చెప్పి ఆయన బసకి వెళ్ళిపోయాడు.

అందరూ ఊపిరి పీల్చుకుంటారనుకున్నాను. తీరా చూస్తే క్లాసంతా పుట్టి మునిగినట్టు కూర్చుంది. చార్టు ఒక్కటే అయితే కొలిచేది ఎవర్ని? అక్క చార్టుని గోడమీంచి తీసుకుని బల్లమీద పరిచి, ఒక్కొక్క అంకెమీదా వేలు పెట్టి చూసింది. తర్వాత నాతో అంది.

‘ఇదేనే నావల్ల కానిది. ఇంతకుముందూ ఇక్కడే పోయాను. మనిషి ఎదురుగా ఉంటే ఎలాంటివాడికైనా కుడతాను. వీడెవడు? ఎవడికీ కాని చొక్కా నేనెలా కుట్టను?’

ఆవిడ గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు. ఓదార్చడం నాకు చేతకాదు, కసరడం వచ్చు. అందుకే కసిరాను. ‘ఎవడికీ కాకపోవడమేమిటి? నేను రోజూ రిజిస్టర్లలో అంకెలే చూస్తాను. రాకపోకల అంకెలు చూస్తే ఎవరు నిద్రమొహమో, ఎవరింట్లో పసిపిల్లలున్నారో చెప్పేస్తాను. అంకెల వెనక మనిషి ఉండకుండా ఎక్కడికి పోతాడక్కా? ఇటివ్వు’ అని చార్టు లాక్కున్నాను.

లాక్కుని హాజరు పిలిచినట్టు చదివాను. మెడ పదిహేను. ఛాతీ ముప్పై ఎనిమిది. చెయ్యి పొడుగు ఇరవై మూడు. కుడిదీ ఎడమదీ ఒకటే. భుజాలు రెండూ సమానం, ఇంచుక కూడా తేడా లేదు. వీపు వంగలేదు, పొట్ట రాలేదు. మీరు బస్టాపులో ఇన్ని నెలలు నిలబడ్డారు కదా, ఇలాంటి మనిషి ఎవడైనా కనిపించాడా అని అడిగాను. లేదన్నారు. బాబాయి ముప్పై ఏళ్ళ బస్సులో కూడా లేడన్నాడు. మరి రెండు భుజాలూ ఇంత సమానంగా ఉన్నాయంటే ఏమిటర్థం? పుట్టి బుద్ధెరిగి ఒక్క సంచీ మోసి ఉండడని ఎవరో అన్నారు. వీపు తిన్నగా ఉందంటే వంగి ఒక్క వస్తువు తీసి ఉండడని ఇంకొకళ్ళు.

అప్పుడు వెనక వరసలోంచి, నేనెప్పుడూ వినని సన్నటి గొంతు వినిపించింది. ‘ఎవరింటికో వచ్చిన అల్లుడుగారేమోనండి.’

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. మెల్లమ్మ మాట్లాడిందన్న ఆశ్చర్యంలో ఉన్నాం. తర్వాత బాబాయి మొదలుపెట్టాడు, కడుపు పట్టుకుని. ఇక గదంతా అంటుకుంది. అవునవును, అల్లుడుగారే, కుర్చీలోంచి లేవడు, కుండలో నీళ్ళు ముంచుకోడు, చొక్కా అరనూలు తేడా వస్తే మొహం మాడ్చుకుంటాడు అని తలా ఒకటి అందించారు. బస్సులో నిలబడ్డం వచ్చునా ఆయనకి అంటే, బస్సెక్కితే కదా అన్నారు. జేబులో ఏం పెట్టుకుంటాడంటే, ఏమీ పెట్టుకోడు, అడిగినవన్నీ వాళ్ళే చేతికందిస్తారు అన్నారు. నవ్వి నవ్వి నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. నేను ఆ గదిలో నవ్వడం పదకొండేళ్ళలో అదే మొదటిసారనుకుంటాను.

అక్క నవ్వలేదు. మెల్లిగా లేచింది. టేపు మెళ్ళో వేసుకుని, బొమ్మ తీసేసిన ఖాళీచోటు దగ్గరికెళ్ళి నిలబడింది. ఎవరో ఉన్నట్టే, కాస్త తలెత్తి చూసింది. ‘చేతులు పక్కకి చాపండి బాబూ’ అంది. గాలిలో టేపు పట్టి భుజం నుంచి భుజానికి కొలిచింది, మెడచుట్టూ తిప్పి రెండు వేళ్ళు సందు వదిలింది. ఆ వదలడంలో ఆవిడకి మనిషి దొరికాడని నాకు తెలిసిపోయింది. వెనక్కి తిరిగి, ఇప్పుడు మీరు రండి, ఒక్కొక్కళ్ళే, పెద్దమనిషిని నిలబెట్టి ఉంచడం మర్యాద కాదు అంది. పధ్నాలుగుమందీ వరసకట్టి లేనివాడి కొలతలు తీసుకున్నారు. చార్టులోని ప్రతి అంకెనీ గాలిలో పెట్టి చూసుకున్నారు. సైకిలు షాపాయన ఏదో గొడవని మెట్లెక్కి వచ్చి, చూసి, మాట్లాడకుండా దిగిపోయాడు.

మర్నాడు ఆరు గంటలూ నేను గుమ్మంలోంచి కదల్లేదు. పదిహేను కత్తెర్లు ఒకేలా నడిచాయి. అరవై గదుల్ని ఊహించుకుని సంతోషపడే నాకు, ఎదురుగా అది జరుగుతుంటే ఒళ్ళు పులకరించాలి. నా చూపు మాత్రం పదిహేనో నంబరు మీదే ఉంది. నాలుగో గంటలో అక్క ఒక చిన్న ముక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. నాకు తెలుసు అదేమిటో. లోపలిజేబు. అరవడానికి లేదు, అధికారి అక్కడే ఉన్నాడు. బాబాయికీ కనిపించినట్టుంది, గట్టిగా దగ్గాడు. అక్క తలెత్తి చూసి, ముక్కని బల్లకింద పడేసింది. అల్లుడుగారికి జేబుతో పనిలేదు కదా. చివరి గుండీ కుట్టి దారం కొరికేసరికి ఇంకా రెండు నిమిషాలే ఉన్నాయి.

అధికారి అట్ట తీసి ఒక్కొక్క చొక్కామీదా పెట్టాడు. కుడి సరి. ఎడమ సరి. మెడ సరి. పదిహేనూ చూడడానికి గంట పట్టింది. కాజాలు లెక్కపెట్టాడు, కాలరు కొసలు కొలిచాడు, కుట్టు లాగి చూశాడు. మార్కులు అప్పటికప్పుడే చదవాలి, అది నిబంధన. ఒకటో నంబరు అరవై ఎనిమిది. రెండు, అరవై నాలుగు. బాబాయికి డెబ్భై ఒకటి, ఆయన టికెట్టు కొట్టినట్టు తొడమీద చరుచుకున్నాడు. మెల్లమ్మకి ఎనభై తొమ్మిది. ఈ కుట్టు మిషనుమీద కుట్టిందో చేత్తో కుట్టిందో పోల్చుకోలేకపోయానని అధికారి అన్నాడు. అందరూ వెనక్కి తిరిగి చూస్తే ఆ పిల్ల మిషను వెనక తల దాచుకుంది.

పదిహేనో నంబరు దగ్గర ఆయన ఆగాడు. చంక దగ్గర అడగని కుట్టు రెండో వరస ఎందుకేశారని అడిగాడు. అక్క చేతులు కట్టుకుని నిలబడి, నిజమే చెప్పింది. ‘భోజనం చేశాక ఒళ్ళు విరుచుకుంటారండి ఆయన. అక్కడ పిగులుతుందని వేశాను.’ ఎవరు విరుచుకుంటారని ఆయన అడిగితే చెప్పడానికి ఎవరూ ధైర్యం చెయ్యలేదు. ఆయన కాసేపు ఆ కుట్టువంకే చూసి, అడగని పనికి మార్కులు తగ్గించక తప్పదన్నాడు. పాసవ్వాలంటే యాభై కావాలి. యాభై మూడు అని చదివాడు.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఆ బస్టాపు రాతల దగ్గర్నుంచి లోపల గడ్డకట్టిందంతా ఒక్కసారిగా కరిగింది. అక్క దగ్గరికెళ్ళి, నీ ఉద్యోగం తీసేయించబోయాను కదక్కా, నన్ను నాలుగు తిట్టు అన్నాను. ఆవిడ నా మాట వింటే కదా. వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుంటోంది. అధికారి చేతిలో కాగితం దాదాపు లాక్కుని, పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదువుకుంది. మొహం వెలిగిపోయింది. ఉద్యోగం ఖాయమైనందుకనుకున్నాను.

బస్సులో నా పక్కనే కూర్చుంది, ఎవరి చొక్కాలూ చూడలేదు. దిగాక సందు మొదట్లో ఇస్త్రీ చేసే ఆయన్ని ఆపి చెప్పింది, ఎదురింటావిడ్ని గేటు దగ్గరికి పిలిచి చెప్పింది. ఇంట్లో మా అత్తయ్య చెవులకి సరిగా వినపడదు, పాసయ్యావా లేదా అని అక్క చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. ఎన్నొచ్చాయి, ఎన్నో నంబరు అని అడుగుతోంది. అక్క వంగి, ఆవిడ చెవిలో వీధి చివరిదాకా వినపడేలా అరిచింది.

‘అందరికన్నా ఆఖరు నేనే అత్తయ్యా. పధ్నాలుగుమందికి పధ్నాలుగుమందీ నన్ను దాటేశారు.’

అత్తయ్యకి ఏమీ అర్థంకాక నా మొహం చూసింది. నేను అవునని తలూపి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. వెనకాల అక్క మళ్ళీ మొదటి నంబరు దగ్గర్నుంచి ఒక్కొక్కళ్ళకి ఎన్నొచ్చాయో ఆవిడకి చెబుతూనే ఉంది.